హోరు వెనుక తాళం



ఈ పూట ఒక పెద్ద చప్పుడు గురించి మాట్లాడుకుందాం. ఎలక్ట్రిక్ గిటార్లు ఉరుముతుంటాయి. డ్రమ్మర్ రెండు కాళ్లతోనూ పెడళ్లు తొక్కుతుంటాడు. గాయకుడు గుండెలోంచి గర్జిస్తుంటాడు. మీ ఇంట్లో కాలేజీ చదువుకునే పిల్లలుంటే, వాళ్ల ఇయర్‌ఫోన్లలోంచి ఈ చప్పుడు బయటికి చిందడం మీరు వినే ఉంటారు. దీన్ని మెటల్ సంగీతం అంటారు. అందులో ఒక కొమ్మ పేరు ప్రోగ్రెసివ్ మెటల్‌కోర్. పేరు పొడుగ్గా ఉందని కంగారు పడకండి. ఈ ప్రసంగం పూర్తయ్యేసరికి అది మీకు చుట్టమైపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ముందే చెప్పేస్తాను. ఈ హోరు వెనుక తాళం ఉంది. ఆ తాళం మన చెవికి కొత్తది కాదు. అందుకే మన ఊరి పిల్లలు తమ తొలి రికార్డు తెచ్చి చేతిలో పెడితే, మొదటి నిమిషంలోనే ఆపేయకండి. మూడుసార్లు వినండి.

నేను గుడిమల్కాపూర్‌లో ఉంటాను. మా పేటలో తెల్లవారడమే సందడితో తెల్లవారుతుంది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి బంతి, చామంతి మూటలతో పూల మార్కెట్‌కు బండ్లు వస్తాయి. కేకలు, బేరాలు, హారన్లు. ఆషాఢంలో బోనాల డప్పు. పెళ్లి ఊరేగింపు కదిలిందంటే తీన్మార్. ఆ దెబ్బ వినగానే పెద్దా చిన్నా కాలు కదపకుండా ఉండలేరు.

ఆ తీన్మార్ ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? అది మర్ఫా వాద్యంలోని దరువు. మా దగ్గర్నుంచి మెహిదీపట్నం దాటి మాసాబ్ ట్యాంక్ వైపు వెళ్తే ఏసీ గార్డ్స్ అనే పేట వస్తుంది. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని ఒక గుర్రపు దళం ఉండేది. ఆఫ్రికా సంతతి సిద్దీలు అందులో పనిచేశారు. వాళ్లు స్థిరపడిన చోటది. అటు చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్‌లో, యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికుల కుటుంబాలున్నాయి. సముద్రాలు దాటి వచ్చిన ఆ మనుషులు తమ దరువును కూడా వెంట తెచ్చుకున్నారు. ఇవాళ హైదరాబాదులో ఏ మతం వారి బరాత్ అయినా ఆ దరువు లేకుండా కదలదు. దాన్ని ఎవరూ పరాయిది అనరు. అది మనది.

దూరం నుంచి వచ్చిన పెద్ద చప్పుడును చెవికి చేర్చుకోవడం, కొన్నాళ్లకు కాళ్లకు చేర్చుకోవడం, చివరకు మన పెళ్లిళ్లలోకి తెచ్చుకోవడం ఈ నగరానికి బాగా తెలిసిన పని. మెటల్ కూడా అలా దూరం నుంచి వచ్చిందే.

ఎక్కడి నుంచి వచ్చింది? ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఫ్యాక్టరీల ఊరి నుంచి. అక్కడ టోనీ అయోమీ అనే కుర్రవాడు రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పగలు పని, రాత్రి గిటారు. ఒకరోజు మిషను కింద పడి అతని కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. అంటే తీగలు నొక్కే చెయ్యే దెబ్బతింది. గిటారు వాయించేవాడికి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? కానీ అతను ఊరుకోలేదు. ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. సన్నటి తీగలు వేసుకున్నాడు. తర్వాత తర్వాత ఆ తీగలను వదులు చేసి, శ్రుతి కిందికి దించి వాయించాడు. బరువైన, చీకటి లాంటి నాదం పుట్టింది. అతని బృందం పేరు బ్లాక్ సబ్బత్. 1970 ఫిబ్రవరిలో వాళ్ల తొలి రికార్డు వచ్చింది. ప్రపంచంలో మెటల్ సంగీతం అక్కడే మొదలైందని చాలామంది లెక్క కడతారు.

చూశారా? ఒక తొలి రికార్డు. ఫ్యాక్టరీ కుర్రాళ్ల తొలి రికార్డు. దానితో ఒక సంగీతమే మొదలైంది.

ఇక మెటల్‌కోర్ దగ్గరికి వద్దాం. మెటల్‌లో గిటారు బరువు ఉంది. హార్డ్‌కోర్ పంక్ అనే మరో సంగీతంలో వేగం ఉంది, కోపం ఉంది, సామాన్యుడి నిరసన ఉంది. ఆ రెండూ కలిస్తే మెటల్‌కోర్. ఇందులో శ్రోతలు ఎదురుచూసే ఘట్టం ఒకటుంటుంది. దాన్ని బ్రేక్‌డౌన్ అంటారు. అప్పటిదాకా పరుగెత్తిన పాట ఒక్కసారిగా వేగం తగ్గిస్తుంది. గిటార్లు, డ్రమ్ములు కలిసి ఒకే దెబ్బ వేస్తాయి. ఒక దెబ్బ, కాస్త ఖాళీ. మళ్లీ దెబ్బ. ఆ ఖాళీలోనే ఊపిరి బిగుస్తుంది. ముందు వరుసలో కుర్రాళ్లు ఎగిరేది అప్పుడే.

మరి ప్రోగ్రెసివ్ అంటే? ఇక్కడే మన తాళం వస్తుంది. సినిమా పాట సాధారణంగా నాలుగు లెక్కలోనో, మూడు లెక్కలోనో నడుస్తుంది. ఈ సంగీతం ఐదులోకి వెళ్తుంది, ఏడులోకి వెళ్తుంది, మళ్లీ నాలుగుకు తిరిగొస్తుంది. ఒక్కోసారి డ్రమ్ము ఒక లెక్కలో, గిటారు ఇంకో లెక్కలో నడుస్తాయి.

దీన్ని మాటల్లో చెప్పడం కంటే చేసి చూపిస్తాను. నాతోపాటు మీరూ చెయ్యండి. చేత్తో ఆదితాళం వెయ్యండి. ఎనిమిది అక్షరాలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. చెయ్యి ఆపకండి. ఇప్పుడు నోటితో ఐదు అక్షరాలు అనండి. తకతకిట. తకతకిట. తకతకిట. తాళంలో ఒక్కో లెక్కకు నోట ఒక్కో అక్షరం. ఏమైంది? చెయ్యి ఒక చోట మొదలవుతోంది, నోరు ఇంకో చోట మొదలవుతోంది. రెండూ విడిపోయాయి. భయపడకండి, సాగనివ్వండి. తకతకిట ఎనిమిదిసార్లు అనేసరికి ఎనిమిది అక్షరాల తాళం ఐదు ఆవర్తనాలు తిరుగుతుంది. అక్కడ నలభై అక్షరాలు, ఇక్కడా నలభై అక్షరాలు. రెండూ ఒకేచోట కలుస్తాయి. ఆ కలిసే చోటును మనం సమం అంటాం. సమం మీద పడగానే మన తల దానంతటదే ఊగుతుంది.

కచేరీలో ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలో మృదంగ విద్వాంసుడు చేసేది ఇలాంటి లెక్కే. మన విజయవాడ దండమూడి రామమోహనరావు గారి మృదంగం రేడియోలో విన్నవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. తాళం నుంచి దూరంగా తీసుకుపోయినట్టే తీసుకుపోయి, ముక్తాయింపు అనే ముగింపు వరసతో సరిగ్గా సమం మీదికి తెచ్చి దించేవారు.

స్వీడన్ దేశంలో 1987లో మెషుగా అనే మెటల్ బ్యాండ్ మొదలైంది. వాళ్లు చేసిందీ ఇదే ఆలోచన. డ్రమ్మర్ ఒక చేత్తో పళ్లెం మీద తిన్నగా నాలుగు లెక్క వేస్తూనే ఉంటాడు. గిటార్లూ, కాళ్ల కింది పెద్ద డ్రమ్మూ బేసి లెక్కలో తిరుగుతాయి. ఒక తేడా ఉంది. మన విద్వాంసుడు లెక్కను ముందే కట్టి, ముక్తాయింపు సరిగ్గా సమం మీద పడేట్టు చూస్తాడు. మెషుగావాళ్లు చాలాచోట్ల ఆ బేసి వరసను దొర్లించుకుంటూ పోయి, పెద్ద ఆవర్తనం ముగిసే చోట దాన్ని ఠక్కున కత్తిరించి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. దారి వేరు. వెతుక్కునేది మాత్రం ఆ సమాన్నే.

పల్లెల్లో ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు రెండు రోకళ్లతో దంచడం మీలో పెద్దవాళ్లు చూసే ఉంటారు. ఒక రోకలి పైకి లేస్తుంటే ఇంకొకటి దిగుతుంది. ఎప్పుడూ ఢీకొనవు. ఈ సంగీతంలో గిటారూ డ్రమ్మూ అలాగే ఒకదాని సందులో ఒకటి పడతాయి. బయటివాడికి అది దడదడ. దంచేవాళ్లకు అది లెక్క.

అందుకే మళ్లీ చెబుతున్నాను. ఈ హోరు వెనుక తాళం ఉంది.

మరి ఆ అరుపు సంగతేమిటి అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అది గొంతు చించుకోవడంలా వినబడుతుంది. గొంతు చించుకుంటే ఒక్క పాటకే గాయకుడి పని అయిపోతుంది. గంటసేపు పాడాలంటే సాధన కావాలి. మనం మాట్లాడేటప్పుడు కదిలే స్వరతంతువులకు కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి. కడుపులోంచి ఊపిరిని అదుపుగా వదులుతూ ఆ మడతలను కదిలిస్తే ఆ గర్జన వస్తుంది. దానికీ గురువులున్నారు, దానికీ ఉదయపు సాధన ఉంది. మైకు లేని రోజుల్లో ఊరి చివరి మనిషికి వినబడేట్టు పద్యం ఎత్తుకున్న నాటకాల నటులకు ఊపిరి విలువ తెలుసు. ఈ పిల్లలకూ తెలుసు.

ఇప్పుడు మన దగ్గరి సంగతి. ప్రోగ్రెసివ్ మెటల్ దారిలో మన దేశం నుంచి వచ్చి ప్రపంచం చెవి తిప్పిన తొలి రికార్డుల్లో ఒకటి ఢిల్లీది. కేశవ్ ధర్ అనే గిటారిస్టు తన ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుని పాటలు కట్టాడు. వాటిని ఇంటర్నెట్‌లో పెట్టాడు. ఇంగ్లండులో ఉన్న డేనియల్ టామ్‌కిన్స్ అనే గాయకుడు వాటికి గొంతు ఇచ్చాడు. అమెరికాలో ఉన్న అనూప్ శాస్త్రి డ్రమ్ములు వాయించాడు. ఒకరు ఢిల్లీ, ఒకరు ఇంగ్లండు, ఒకరు అమెరికా. ఆ బృందం పేరు స్కైహార్బర్. 2012లో బ్రిటన్ కంపెనీ ఒకటి వాళ్ల తొలి ఆల్బమ్ విడుదల చేసింది. ఒక ఇంటి గదిలో మొదలైన పాట మూడు ఖండాలు కలుపుకుని బయటికి వచ్చింది.

మన హైదరాబాదు మాటేమిటి? మనకూ ఒక తొలి రికార్డు కథ ఉంది. గాడ్‌లెస్ అనే బ్యాండ్. హైదరాబాదు, బెంగళూరు కుర్రాళ్లు కలిసి కట్టిన బృందం. అంతకుముందు వేరే బ్యాండ్లలో వాయించి, ఆ అనుభవంతో కలిసినవాళ్లు. వాళ్లది డెత్ మెటల్. మెటల్‌కోర్‌కు దగ్గరి బంధువు, ఇంకా కరుకైన శాఖ. 2016లో వాళ్ల తొలి రికార్డు వచ్చింది. పేరు సెంచరీస్ ఆఫ్ డికేడెన్స్. అది పూర్తి ఆల్బమ్ కాదు, కొద్ది పాటల చిన్న రికార్డు. దాన్ని ఈపీ అంటారు.

నాకు ఇందులో నచ్చినది వాళ్ల ఓపిక. 2016లో ఒక ఈపీ. 2018లో ఇంకో ఈపీ, స్వార్మ్ అనే పేరుతో. 2021లో గానీ పూర్తి ఆల్బమ్ తేలేదు. దాని పేరు స్టేట్స్ ఆఫ్ కేయాస్. అంటే మొదటి చిన్న రికార్డు నుంచి పెద్ద రికార్డుకు ఐదేళ్లు. ఆ ఐదేళ్లు ఊరికే గడవలేదు. వేదికలు ఎక్కారు, విన్నవాళ్ల ముఖాలు చూశారు, ఏది నిలబడిందో ఏది జారిపోయిందో తెలుసుకున్నారు. మన సంగీతంలో వర్ణం గట్టిపడకుండా కృతికి పంపని గురువులుంటారు. ఈ బృందానికి గురువు లేకపోయినా ఆ క్రమం తెలుసు.

హైదరాబాదు ఒక్కటే కాదు. విశాఖపట్నం వెళ్దాం. అక్కడ ఎగైనెస్ట్ ఈవిల్ అనే బ్యాండ్ ఉంది. వాళ్లది పాతకాలపు హెవీ మెటల్. గర్జన తక్కువ, రాగం ఎక్కువ, రెండు గిటార్లు జంటగా పాడతాయి. 2015లో ఒక ఈపీతో మొదలుపెట్టి, 2018లో ఆల్ హెయిల్ ది కింగ్ అనే తొలి ఆల్బమ్ తెచ్చారు. ఆ తర్వాత ఆగలేదు. సముద్రపు ఒడ్డున మన తెలుగు కుర్రాళ్లు కట్టిన పాటలను జర్మనీ లాంటి దేశాల్లో మెటల్ అభిమానులు వింటున్నారు. విశాఖలోనే వాళ్ల పేరు తెలియనివాళ్లు ఎందరో. నాకు బాధ కలిగించేది ఈ సంగతే. దూరం వాళ్లు విన్నారు. పక్కింటివాళ్లు వినలేదు.

తొలి రికార్డు ఎలా పుడుతుందో కూడా కాస్త చెప్పాలి. ఎందుకంటే దాని వెనుక కష్టం బయటికి కనబడదు. ముందు ఒక గది కావాలి. డ్రమ్ముల సెట్ ఉన్న గదిని జామ్ రూమ్ అంటారు, గంటకు ఇంత అని అద్దె. డబ్బులు పోగేసుకుని వెళ్తారు. గంట అయిపోగానే తర్వాతి బృందం తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. మిగతా సాధన ఇంట్లోనే. గిటారును ఒక చిన్న పెట్టెకు తగిలిస్తారు, ఆ పెట్టెను కంప్యూటరుకు తగిలిస్తారు. చెవిలో క్లిక్, క్లిక్ అని లెక్క వినబడుతుంటుంది. ఆ లెక్క తప్పకుండా వాయించాలి. ఒకే వరసను ఎడమ చెవికి ఒకసారి, కుడి చెవికి ఒకసారి విడివిడిగా వాయిస్తారు. రెండూ లెక్క తప్పకుండా కలిస్తేనే ఆ గోడలాంటి శబ్దం వస్తుంది. కలవకపోతే మళ్లీ మొదటి నుంచి.

ఆ తర్వాత మిక్సింగ్. ఏ వాద్యం ఎంత వినబడాలి అనేది అక్కడ తేలుతుంది. గిటారూ, బేస్ గిటారూ, పెద్ద డ్రమ్మూ మూడూ కింది స్థాయిలోనే పోట్లాడతాయి. ఒకదానికి ఒకటి చోటివ్వాలి. లేకపోతే వినేవాడికి అంతా ముద్ద. ఆపైన మాస్టరింగ్, అంటే చివరి మెరుగు. ఆ తర్వాత అట్ట మీద బొమ్మ. ఆ తర్వాత విడుదల. ఒకప్పుడు క్యాసెట్ కంపెనీ సరేనంటేనే పాట బయటికి వచ్చేది. ఇప్పుడు తామే ఇంటర్నెట్‌లో పెట్టుకోవచ్చు. విడుదల తేలికైంది. వినేవాణ్ని సంపాదించుకోవడం కష్టమైంది. రోజూ వచ్చిపడే కొత్త పాటల్లో మన ఊరి బ్యాండ్ పాట ఎవరు వెతికి వింటారు? మనమే వినాలి.

ఎలా వినాలి? మూడుసార్లు వినండి అన్నాను కదా. ఎందుకో చెబుతాను.

మొదటిసారి డ్రమ్ములు మాత్రమే వినండి. గొంతును పట్టించుకోకండి. చేత్తో లెక్క వెయ్యండి. ఎక్కడ మీ చెయ్యి తప్పిందో అక్కడ తాళం మారిందన్నమాట. తప్పడంలో తప్పేమీ లేదు. ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

రెండోసారి గిటార్లు వినండి. ఒకే చిన్న వరస మళ్లీ మళ్లీ వస్తుంది. దాన్ని రిఫ్ అంటారు. అది ఎప్పుడు కాస్త మారిందో పట్టుకోండి. సంగతులు వేస్తూ పల్లవిని పెంచినట్టే, ఒక రిఫ్‌ను మార్చి మార్చి పాటంతా కడతారు.

మూడోసారి గొంతు వినండి. మాటలు అట్ట మీదో, ఫోనులోనో రాసి ఉంటాయి. చదువుతూ వినండి. ఆ గర్జన వెనుక చాలాసార్లు ఒంటరితనం ఉంటుంది, దిగులు ఉంటుంది, అన్యాయం మీద కోపం ఉంటుంది. పిల్లలు భోజనాల దగ్గర మనతో చెప్పలేని మాటలు కొన్ని ఆ పాటల్లో ఉంటాయి. తల్లిదండ్రులు వినాల్సింది ముఖ్యంగా అందుకే.

మూడుసార్లూ విన్నాక నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. ఏది నచ్చలేదో కూడా చెప్పండి. ఆ మాటకు విలువ ఉంటుంది. వినకుండా చెప్పిన మాటకు ఉండదు.

బ్యాండ్లలో ఉన్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కూడా ఒక మాట. మీరు ఎక్కువగా ఇంగ్లీషులోనే రాస్తున్నారు. ప్రపంచం వినాలని రాస్తున్నారు, అర్థం చేసుకోగలను. కానీ ఢిల్లీ బ్యాండ్ బ్లడీవుడ్‌ను చూడండి. డోలు పట్టుకుని హిందీ, పంజాబీ మాటలు కలిపి మెటల్ పాడారు. 2019లో జర్మనీలోని వాకెన్ అనే పెద్ద మెటల్ జాతరలో వాయించారు. 2022లో సొంత పాటలతో రక్షక్ అనే ఆల్బమ్ తెచ్చారు. సొంత భాష వాళ్లకు అడ్డం కాలేదు. మన భాషలో పరుషాలున్నాయి, ద్విత్వాలున్నాయి, గుండెల మీద గుద్దే మాటలున్నాయి. మన దగ్గర డప్పు ఉంది, మర్ఫా ఉంది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ విదేశీ వాద్యాన్ని, అదీ కరెంటు వాద్యాన్ని తీసుకుని త్యాగరాజ కృతులు పలికించాడు. ఆ తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ప్రపంచమంతా వాయించాడు. అంత దారి వేసిన మనిషి మన వాడు. మీ తర్వాతి రికార్డులో ఒక్క తెలుగు పాట పెట్టండి. ఏడు లెక్కలో కట్టండి. తకిట తకధిమి. బ్రేక్‌డౌన్ దగ్గర తీన్మార్ పడనివ్వండి. అప్పుడు గుడిమల్కాపూర్ వీధిలో కాలు కదపని మనిషి ఉండడు.

చివరగా పెద్దలకు మూడు విన్నపాలు. కాలేజీ నడిపేవాళ్లకు: మీ వార్షికోత్సవంలో సినిమా పాటల మధ్య మీ విద్యార్థుల సొంత పాటకు ఒక పావుగంట ఇవ్వండి. ఫంక్షన్ హాళ్ల యజమానులకు: ముహూర్తాలు లేని రోజుల్లో మీ హాలు ఖాళీగానే ఉంటుంది కదా, ఒక మధ్యాహ్నం ఈ పిల్లలకు తక్కువ అద్దెకు ఇవ్వండి. ఇంట్లో పెద్దలకు: ఈ రాత్రి మీ అబ్బాయినో అమ్మాయినో పిలిచి, నీ ఫోనులో ఉన్న ఆ మెటల్ పాట ఒకటి నాకూ పెట్టు అని అడగండి. వాళ్లు ముందు నమ్మరు. మీరు చేత్తో తాళం వెయ్యడం మొదలుపెట్టగానే నమ్ముతారు.

ఈ హోరు వెనుక తాళం ఉంది. ఆ తాళం మన చెవికి తెలిసిందే. మన పిల్లల తొలి రికార్డును మూడుసార్లు వినండి. వాళ్లు రెండో రికార్డు తెస్తారో లేదో చాలావరకు మన మీద ఆధారపడి ఉంది.